డాలర్లలో అమ్మకం.. దారిలోనే తరుగు
విదేశీ చెల్లింపుల రుసుములపై చిన్న వ్యాపారులకు లెక్క తెలియాలి

తాడిపత్రి: పెన్నా తీరాన బండల పరిశ్రమకు పేరొందిన తాడిపత్రి నుంచి సరకు సముద్రాలు దాటి వెళ్లడం కొత్త విషయం కాదు. ఇక్కడి నల్ల నాపరాయి, గ్రానైట్ పలకలు ఓడరేవుల మీదుగా విదేశాలకు చేరుతున్నాయి. 2021 జనవరిలో తాడిపత్రి రైల్వేస్టేషన్ నుంచి 43 శీతల కంటెయినర్లతో అరటిపండ్ల ప్రత్యేక రైలు ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు బయలుదేరింది. పొరుగునే ఉన్న ధర్మవరం పట్టుచీరలకు, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకృతులకు ప్రవాసాంధ్రుల్లో ఆదరణ ఉంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ రెండు ఊళ్లూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, కరవు సీమకు విదేశీ సొమ్ము తెచ్చే వృత్తుల్లో ఇవి ముందువరుసలోనే ఉన్నాయి.

సరకు వెళ్లే దారి అందరికీ కనిపిస్తుంది. సొమ్ము తిరిగివచ్చే దారి మాత్రం కనిపించదు. కొనుగోలుదారు పంపిన 100 డాలర్లు అమ్మకందారు ఖాతాకు చేరేసరికి 95 కావచ్చు, 91 కావచ్చు, ఒక్కోసారి 76 కూడా కావచ్చు. పెద్ద ఎగుమతి సంస్థలకు ఈ లెక్కలు చూసేందుకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. బ్యాంకుతో బేరమాడే శక్తీ ఉంటుంది. చిన్న వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు. నూటికి పది రూపాయల లాభంతో నడిచే వ్యాపారంలో ఎనిమిది రూపాయలు రుసుములకే పోతే మిగిలేది కూలి గిట్టుబాటు మాత్రమే. ఈ నేపథ్యంలో విదేశీ చెల్లింపులపై ఎవరు ఎంత తీసుకుంటారో, ఎంత బిల్లుకు ఏ మార్గం మేలో తెలుసుకోవడం అవసరం.

ఊళ్లో ఉచితం.. విదేశానికి భారం

తాడిపత్రి బజారులో క్యూఆర్ కోడ్ ద్వారా ఖాతాదారు బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో రూ.500 తీసుకుంటే దుకాణదారు ఖాతాలో రూ.500 జమవుతాయి. 2020 జనవరి నుంచి ఇటువంటి యూపీఐ చెల్లింపులపైనా, రూపే డెబిట్ కార్డులపైనా వ్యాపారి నుంచి రుసుము వసూలు చేయరాదని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఈ అలవాటుతోనే చాలామంది విదేశీ చెల్లింపుల్లోకి అడుగుపెడుతున్నారు. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు.

అమెరికాలోని కొనుగోలుదారు తన క్రెడిట్ కార్డుతో సొమ్ము చెల్లించాడనుకుంటే, ఆ ఒక్క చెల్లింపులో పలువురు భాగస్వాములవుతారు. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్, వ్యాపారి తరఫున సొమ్ము స్వీకరించే బ్యాంకు, వీరందరినీ కలిపే గేట్‌వే సంస్థ.. ఒక్కొక్కరూ తమ వాటా తీసుకుంటారు. కార్డు ఒక దేశానిది, వ్యాపారి మరో దేశానికి చెందినవాడు అయినప్పుడు నెట్‌వర్క్‌లు సరిహద్దు దాటినందుకు అదనపు రుసుము వేస్తాయి. దేశీయ కార్డుకు 2 శాతం వరకు తీసుకునే గేట్‌వే విదేశీ కార్డుకు 3 శాతం, అంతకు మించి అడగడానికి కారణం ఇదే.

కోతలు మూడు రకాలు

ప్రకటనల్లో కనిపించే శాతం మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. విదేశీ చెల్లింపుపై కోతలు మూడు చోట్ల పడతాయి.

మొదటిది సేవా రుసుము. ఇది బిల్లు మొత్తంపై శాతంగా ఉంటుంది. కొన్ని సంస్థలు దీనికి అదనంగా ప్రతి చెల్లింపుపై కొంత స్థిర మొత్తం తీసుకుంటాయి. భారతీయ గేట్‌వేల రుసుముపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే 3 శాతం అని చెప్పినది వాస్తవంలో 3.54 శాతం అవుతుంది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపుకోవచ్చు. నమోదు లేనివారికి అది నికరమైన ఖర్చే.

రెండోది మారకపు తేడా. డాలరును రూపాయల్లోకి మార్చేటప్పుడు మార్కెట్ ధర కంటే తక్కువ ఇవ్వడం ద్వారా సంస్థలు, బ్యాంకులు సొమ్ము మిగుల్చుకుంటాయి. రసీదులో ఇది రుసుముగా కనిపించదు. అందువల్లనే చాలామంది దీన్ని గమనించరు. మార్కెట్‌లో డాలరు రూ.90 ఉన్నప్పుడు రూ.86.40 చొప్పున జమచేస్తే 4 శాతం పోయినట్లే. ‘సున్నా రుసుము’ అని ప్రకటించే సేవల్లో సైతం ఈ తేడా ఉండవచ్చు.

మూడోది స్థిర ఖర్చులు. బ్యాంకు ద్వారా వచ్చే సొమ్ము దారిలో ఒకటో రెండో మధ్యవర్తి బ్యాంకుల గుండా ప్రయాణిస్తుంది. అవి సాధారణంగా 15 నుంచి 25 డాలర్ల వరకు మినహాయించుకుంటాయి. ఇక్కడి బ్యాంకు జమ రుసుము, ధ్రువపత్రం రుసుము తీసుకుంటుంది. మారకంపై జీఎస్టీ కూడా ఉంది. లక్ష రూపాయల వరకు మార్చిన మొత్తంలో 1 శాతాన్ని, కనీసం రూ.250ని సేవ విలువగా లెక్కగట్టి, దానిపై 18 శాతం పన్ను వేస్తారు. అంటే మొత్తం ఎంత చిన్నదైనా రూ.45 తప్పదు. లక్ష రూపాయలకు రూ.180 అవుతుంది. లక్ష దాటిన మొత్తంపై ఈ విలువను 0.5 శాతంగా, రూ.10 లక్షలు దాటితే 0.1 శాతంగా లెక్కిస్తారు.

అందుబాటులో ఉన్న మార్గాలు

బ్యాంకు బదిలీ: ‘స్విఫ్ట్’ సందేశ వ్యవస్థ ద్వారా బ్యాంకు నుంచి బ్యాంకుకు సొమ్ము వచ్చే పద్ధతి ఇది. వ్యాపార వర్గాల్లో దీన్ని టీటీ అని వ్యవహరిస్తారు. కంటెయినర్లలో బండలు, గ్రానైట్ పంపేవారు అనుసరించేది ఎక్కువగా ఈ మార్గాన్నే. కొంత అడ్వాన్సుగా తీసుకుని, మిగిలినది సరకు పత్రాలు అందాక వసూలు చేసుకోవడం పరిపాటి. పెద్ద బిల్లులకు బ్యాంకు పూచీతో కూడిన ఎల్‌సీ పద్ధతి ఉంది. స్థిర ఖర్చులు అధికం కాబట్టి చిన్న బిల్లులకు ఇది గిట్టదు.

ఆన్‌లైన్ వాలెట్: పేపాల్ వంటి సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. కొనుగోలుదారులకు బాగా పరిచయమున్న పేరు కావడం వీటి బలం. భారతదేశంలోని వ్యాపారులు విదేశీ చెల్లింపు స్వీకరిస్తే పేపాల్ ప్రకటిత సాధారణ రుసుము 4.4 శాతం. డాలర్ చెల్లింపుపై అదనంగా 30 సెంట్లు ఉంటుంది. మారకపు తేడా దీనికి వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ సంస్థ దేశంలోపలి చెల్లింపులను నిలిపివేసి, విదేశీ చెల్లింపులకే పరిమితమైంది. వచ్చిన సొమ్మును డాలర్లుగా వాలెట్‌లో దాచుకోవడం కుదరదు. అది భారతీయ బ్యాంకు ఖాతాకు రూపాయల్లో చేరాల్సిందే. కాబట్టి సంస్థ ఇచ్చే మారకపు ధరే చివరి ధర అవుతుంది.

దేశీయ గేట్‌వే: సొంత వెబ్‌సైట్ ఉన్నవారు, లింకు పంపి సొమ్ము తీసుకునేవారు విదేశీ కార్డులను భారతీయ గేట్‌వేల ద్వారా స్వీకరించవచ్చు. రుసుము 3 శాతం పరిసరాల్లో ఉండి, జీఎస్టీ అదనంగా పడుతుంది. విదేశీ కార్డుల సదుపాయం అందరికీ మొదటినుంచే ఉండదు. పత్రాలు సమర్పించి అనుమతి పొందాల్సి ఉంటుంది.

విదేశంలో స్థానిక ఖాతా సంఖ్య: కొన్ని సంస్థలు ఎగుమతిదారు పేరిట అమెరికా, బ్రిటన్, ఐరోపా దేశాల్లో స్వీకరణ ఖాతా సంఖ్యను ఇస్తాయి. కొనుగోలుదారు తన దేశంలోనే మరో ఖాతాకు పంపినట్లు సొమ్ము పంపుతాడు. అందువల్ల మధ్యవర్తి బ్యాంకుల కోత తప్పుతుంది. అనంతరం సంస్థ ఆ సొమ్మును రూపాయల్లోకి మార్చి ఇక్కడికి పంపుతుంది. తరచూ కొనే టోకు వ్యాపారులు ఉన్నవారికి ఇది అనుకూలం. కార్డుతో చెల్లించాలనుకునే విడి కొనుగోలుదారులకు ఇది పనికిరాదు.

ఆన్‌లైన్ అంగళ్లు: అమెజాన్, ఎట్సీ వంటి వేదికలపై అమ్మితే చెల్లింపు బాధ్యత వేదికదే. కానీ కమీషన్ అదనం. చేతివృత్తుల వస్తువులకు పేరున్న ఎట్సీ 2022 ఏప్రిల్‌లో తన అమ్మకపు రుసుమును 5 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఒక్కో వస్తువును జాబితాలో పెట్టేందుకు 20 సెంట్లు వేరుగా తీసుకుంటుంది. ఈ 6.5 శాతం వేదికకు చెల్లించేది మాత్రమే. చెల్లింపు ప్రక్రియ రుసుము, మారకపు తేడా దానిపై అదనంగా ఉంటాయి.

లెక్క ఎలా చూడాలి?

ఏ మార్గం మేలన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. బిల్లు పరిమాణాన్ని బట్టి సమాధానం మారుతుంది. దీన్ని రెండు ఉదాహరణలతో పరిశీలించవచ్చు. సులువు కోసం మార్కెట్‌లో డాలరు ధర రూ.90గా అనుకుందాం. బ్యాంకు, గేట్‌వే మారకంలో 1 శాతం, వాలెట్ 4 శాతం తగ్గించాయనీ, మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు, ఇక్కడి బ్యాంకు జమ రుసుముగా జీఎస్టీతో కలిపి రూ.236 తీసుకున్నాయనీ భావిద్దాం. వాస్తవ రేట్లు సంస్థను బట్టి, రోజును బట్టి మారతాయి.

తోలుతో చేసిన ఒక దీపపు తెర (ల్యాంప్ షేడ్) 100 డాలర్లకు అమ్ముడైంది. మార్కెట్ విలువ రూ.9,000. వాలెట్ ద్వారా అయితే 4.70 డాలర్లు రుసుము పోను 95.30 డాలర్లు మిగులుతాయి. రూ.86.40 చొప్పున రూ.8,234 చేతికి వస్తుంది. గేట్‌వే ద్వారా సుమారు రూ.8,595 వస్తుంది. బ్యాంకు బదిలీ అయితే 20 డాలర్లు దారిలోనే పోతాయి. మిగిలిన 80 డాలర్లకు రూ.7,128 లెక్కకట్టి, అందులోంచి రూ.236 బ్యాంకు రుసుము, రూ.45 పన్ను తీసివేస్తే రూ.6,847 మిగులుతుంది. దాదాపు నాలుగో వంతు ఆవిరైనట్లే.

ఇదే 5,000 డాలర్ల బండల నమూనా సరకు అయితే పరిస్థితి తారుమారవుతుంది. మార్కెట్ విలువ రూ.4.50 లక్షలు. వాలెట్ ద్వారా రూ.4,12,966 వస్తుంది. పోయినది రూ.37 వేలకు పైమాటే. గేట్‌వే ద్వారా రూ.4,29,729 వస్తుంది. బ్యాంకు బదిలీ ద్వారా 4,980 డాలర్లకు రూ.4,43,718 లెక్కకట్టి, రూ.236 రుసుము, రూ.489 పన్ను పోను రూ.4,42,993 చేతికందుతుంది. తరుగు 1.6 శాతం లోపే. ఒక్క బిల్లుపై వాలెట్‌కూ బ్యాంకుకూ తేడా దాదాపు రూ.30 వేలు. పాలిష్ యూనిట్‌లో ఒక కార్మికుడి నెల కూలికి మించిన మొత్తమిది.

ఈ అంచనాల ప్రకారం సుమారు 310 డాలర్లు దాటితే వాలెట్ కంటే బ్యాంకు బదిలీ మేలు. సుమారు 670 డాలర్లు దాటితే గేట్‌వే కంటే కూడా బ్యాంకు బదిలీయే లాభం. తమ బ్యాంకు, తమ గేట్‌వే రేట్లతో ఈ హద్దును ప్రతి వ్యాపారీ ఒకసారి లెక్కవేసుకుని పెట్టుకోవాలి. ఎంత శాతం అని అడగడం కంటే ‘వంద డాలర్లు పంపితే నా ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి’ అని అడగడం ఉత్తమం.

నిబంధనలు మారిన తీరు

ఆన్‌లైన్ విదేశీ చెల్లింపులపై రిజర్వు బ్యాంకు వైఖరి క్రమంగా సడలింది. 2010 ఆరంభంలో భారత్‌కు సంబంధించిన వ్యక్తిగత చెల్లింపులను పేపాల్ నిలిపివేయడంతో చిన్న అమ్మకందారులు ఇబ్బందిపడ్డారు. అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల ద్వారా ఎగుమతి సొమ్ము స్వీకరణకు మార్గదర్శకాలు జారీచేసింది. ఒక్కో చెల్లింపుకు 500 డాలర్లు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. 2011 అక్టోబరులో దీన్ని 3,000 డాలర్లకు, 2013 జూన్‌లో 10,000 డాలర్లకు పెంచింది.

2023 అక్టోబరు 31న కొత్త విధానం వచ్చింది. సరిహద్దు దాటే చెల్లింపులను సమీకరించే సంస్థలన్నీ నేరుగా రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలోకి వచ్చాయి. బ్యాంకేతర సంస్థలు ఇందుకు అనుమతి పొందడం తప్పనిసరి అయింది. ఒక్కో వస్తువు లేదా సేవకు రూ.25 లక్షలు పరిమితిగా నిర్ణయించారు. కాబట్టి ఏ సంస్థతోనైనా చేరేముందు దానికి ఎగుమతి చెల్లింపుల అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు ప్రచురించే జాబితాలో చూసుకోవడం మంచిది. తక్కువ రుసుము ఆశచూపే అనుమతిలేని సంస్థ చేతిలో సొమ్ము చిక్కుకుంటే రాబట్టుకోవడం కష్టం.

కాగితం లేని సొమ్ము ఎగుమతి కాదు

రుసుముల కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఖాతాలో పడిన ప్రతి విదేశీ సొమ్మూ ఎగుమతి సొమ్ముగా గుర్తింపు పొందదు. దానికి పత్రాలు కావాలి.

సరకు ఎగుమతి చేసేవారికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ఐఈసీ సంఖ్య ఉండాలి. పాన్ ఆధారంగా ఆన్‌లైన్‌లో రూ.500 రుసుముతో పొందవచ్చు. ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలను సరిచూసి నవీకరించాలి. సొమ్ము వచ్చినప్పుడు అది దేనికోసమో తెలిపే ప్రయోజన కోడ్‌ను బ్యాంకుకు సరిగా చెప్పాలి. సరకుకు ముందుగా వచ్చిన అడ్వాన్సుకు పీ0103 కోడ్ వాడతారు. సరకు పంపాక బిల్లు వసూలైతే పీ0102 వర్తిస్తుంది.

సొమ్ము విదేశం నుంచి వచ్చినట్లు బ్యాంకు ఇచ్చే సమాచార పత్రాన్ని భద్రపరచుకోవాలి. వ్యవహారంలో దీన్ని ఫిర్క్ అంటున్నారు. ఎగుమతి సొమ్ము వసూలైనట్లు తెలిపే ఎలక్ట్రానిక్ ధ్రువపత్రాన్ని (ఈ-బీఆర్‌సీ) ఎగుమతిదారు స్వయంగా రూపొందించుకునే సౌలభ్యాన్ని 2023 నవంబరులో ప్రవేశపెట్టారు. జీఎస్టీ నమోదు ఉన్నవారు ఏటా ఎల్‌యూటీ సమర్పిస్తే పన్ను ముందుగా కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు. ముడిసరకుపై కట్టిన పన్నును రీఫండుగా కోరవచ్చు. అయితే సరకు సొమ్ము గడువులోగా రాకపోతే పొందిన రీఫండును వడ్డీతో తిరిగి చెల్లించాల్సి వస్తుంది. ఎగుమతి సొమ్ము రాబట్టుకునేందుకు ఉన్న 9 నెలల గడువును రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో 15 నెలలకు పొడిగించింది.

కస్టమ్స్ వద్ద నమోదైన ప్రతి ఎగుమతి బిల్లూ రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ వ్యవస్థలోకి చేరుతుంది. సొమ్ము అందినట్లు బ్యాంకు నమోదు చేసేవరకు అది బాకీగానే కనిపిస్తుంది. ఇక్కడ రుసుముల సమస్య మళ్లీ ఎదురవుతుంది. బిల్లు 100 డాలర్లు, వచ్చినది 80 డాలర్లు అయితే మిగిలిన 20 డాలర్లు బ్యాంకు రుసుముల కింద పోయినట్లు పత్రం చూపాలి. రూ.10 లక్షల లోపు బిల్లులను ఎగుమతిదారు ఇచ్చే ధ్రువీకరణ ఆధారంగానే ముగించవచ్చని 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు సూచించడం చిన్న వ్యాపారులకు ఊరట.

పార్శిళ్లు పంపేవారు తపాలా శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల సేవలను వినియోగించుకోవచ్చు. పార్శిల్‌ను బహుమతిగా కాక, ఎగుమతిగా నమోదు చేయించినప్పుడే పై ప్రయోజనాలకు అర్హత లభిస్తుంది.

బంధువుల ఖాతా దారి కాదు

రుసుములు తప్పించుకునేందుకు కొందరు ఒక పద్ధతి అనుసరిస్తుంటారు. అమెరికాలో ఉన్న బంధువు ఖాతాలో కొనుగోలుదారులు సొమ్ము వేస్తారు. ఆ బంధువు దాన్ని ఇంటి ఖర్చులకు పంపినట్లు ఇక్కడి పొదుపు ఖాతాకు పంపుతాడు. చార్జీలు తగ్గిన మాట నిజమే. కానీ ఆ సొమ్ము కుటుంబ పోషణ కోడ్ కింద నమోదవుతుంది. అది ఎగుమతి ఆదాయం కాదు. దానితో ఎగుమతి బిల్లు ముగియదు. జీఎస్టీ రీఫండు రాదు. బ్యాంకు రుణం కోసం వెళితే ఎగుమతి చరిత్ర చూపేందుకు కాగితం ఉండదు. ఆదాయపు పన్ను అధికారులు అడిగితే వ్యాపార సొమ్మును కుటుంబ సొమ్ముగా ఎందుకు చూపారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. అక్కడి బంధువు సైతం తన ఖాతాలో పడిన సొమ్ముకు లెక్క చెప్పాల్సి రావచ్చు. నాలుగు శాతం మిగుల్చుకోబోయి మొత్తానికే ముప్పు తెచ్చుకోవడం వివేకం కాదు.

వచ్చిన సొమ్ము వెనక్కి పోవచ్చు

కార్డు, వాలెట్ చెల్లింపుల్లో మరో ప్రమాదం ఉంది. సరకు అందలేదని, పగిలిందని, చెప్పినట్లు లేదని కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తే జమైన సొమ్మును వెనక్కి తీసుకునే వీలుంది. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డుల విషయంలో సాధారణంగా 120 రోజుల వరకు, పేపాల్‌లో 180 రోజుల వరకు ఫిర్యాదు చేయవచ్చు. రాతి పలకలు, మట్టివస్తువులు పంపేవారికి ఈ ముప్పు అధికం. ప్యాకింగ్ ఫొటోలు, పార్శిల్ ట్రాకింగ్ సంఖ్య, సరకు అందినట్లు సంతకం, కొనుగోలుదారుతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఆరు నెలలపాటు భద్రపరచుకోవాలి. పత్రాలు చూపలేనివారి వాదన నిలవదు. బ్యాంకు బదిలీలో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. అయితే కొత్త కొనుగోలుదారు సరకు చూడకుండా బ్యాంకు బదిలీకి సుముఖత చూపకపోవచ్చు. తొలి చిన్న బిల్లుకు కార్డు, నమ్మకం కుదిరాక పెద్ద బిల్లులకు బ్యాంకు అన్న పద్ధతి ఇద్దరికీ అనుకూలం.

తరుగు తగ్గించుకునే ఉపాయాలు

ధర నిర్ణయించేటప్పుడే రుసుములను కలపాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. 8 శాతం కోత పడుతుందని 100 డాలర్లకు 8 డాలర్లు కలిపి 108కి అమ్ముతారు. కానీ 108లో 8 శాతం పోతే మిగిలేది 99.36 డాలర్లే. చేతికి 100 రావాలంటే 100ను 0.92తో భాగించాలి. అంటే సుమారు 108.70 డాలర్లు ధర ఉండాలి.

బ్యాంకు బదిలీకి ముందు రుసుములు ఎవరు భరించాలో ఇన్‌వాయిస్‌లోనే రాయాలి. అన్నీ పంపేవారే భరించే పద్ధతిని బ్యాంకులు ‘అవర్’ అని, ఇద్దరూ పంచుకునే పద్ధతిని ‘షా’ అని, అన్నీ స్వీకరించేవారే భరించే పద్ధతిని ‘బెన్’ అని వ్యవహరిస్తాయి. ఏమీ రాయకపోతే మధ్యవర్తి బ్యాంకుల కోత అమ్మకందారుపైనే పడే అవకాశం ఎక్కువ.

ఒకే కొనుగోలుదారు నెలలో నాలుగుసార్లు 200 డాలర్ల చొప్పున పంపే బదులు ఒకేసారి 800 డాలర్లు పంపితే స్థిర ఖర్చులు నాలుగో వంతుకు తగ్గుతాయి. డాలర్లు తరచూ వచ్చేవారు బ్యాంకులో ఈఈఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు. అందులో సొమ్మును డాలర్లుగానే ఉంచి, వచ్చిన నెల తరవాతి నెలాఖరులోగా అనువైన రోజు చూసి రూపాయల్లోకి మార్చుకోవచ్చు. దీనికి వడ్డీ రాదు.

మారకపు ధరపై బేరమాడవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. బ్యాంకు ఆ రోజు ప్రకటించిన టీటీ కొనుగోలు ధరను, అదే రోజు ఎఫ్‌బీఐఎల్ ప్రచురించే డాలరు ప్రామాణిక ధరతో పోల్చిచూడాలి. తేడా ఎక్కువగా ఉంటే శాఖ మేనేజరును మెరుగైన ధర అడగాలి. తాలూకా స్థాయి శాఖలన్నింటికీ విదేశీ మారకపు వ్యవహారాల అధికారం ఉండదు. అలాంటి శాఖ ద్వారా వస్తే జాప్యం తప్పదు. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే ఈ విషయం విచారించుకోవాలి.

ప్రపంచమంతటా ఇదే సమస్య

ఈ భారం తాడిపత్రి వ్యాపారికే పరిమితం కాదు. ఆఫ్రికా నుంచి లాటిన్ అమెరికా వరకు చిన్న అమ్మకందారులందరిదీ ఇదే అనుభవం. దీన్ని గుర్తించి జీ-20 దేశాలు 2021లో కొన్ని లక్ష్యాలు నిర్దేశించుకున్నాయి. 2027 చివరినాటికి చిన్న మొత్తాల విదేశీ చెల్లింపుల సగటు ఖర్చు 1 శాతానికి మించరాదన్నది, ఏ రెండు దేశాల మధ్యా 3 శాతం దాటరాదన్నది వాటిలో ప్రధానమైనవి. పైన చూసిన ఉదాహరణల్లో 100 డాలర్ల బిల్లు ఏ మార్గంలో వచ్చినా ఈ హద్దును దాటే ఉంది. 2023 ఫిబ్రవరిలో భారత యూపీఐని సింగపూర్ పేనౌతో అనుసంధానించడం ఈ దిశగా ఒక అడుగు. అది వ్యక్తుల మధ్య సొమ్ము బదిలీకి ఉద్దేశించినది. ఇటువంటి అనుసంధానాలు ఎగుమతి బిల్లులకూ విస్తరిస్తేనే చిన్న వ్యాపారికి అసలైన మేలు జరుగుతుంది. అంతవరకు లెక్క తెలిసి మార్గం ఎంచుకోవడమే అతని చేతిలో ఉన్న ఆయుధం.

ఇవి గుర్తుంచుకోవాలి

* రుసుము శాతం ఒక్కటే చూడరాదు. మారకపు ధర, స్థిర ఖర్చులు కలిపి చేతికి వచ్చే రూపాయలు లెక్కించాలి.

* చిన్న బిల్లుకు గేట్‌వే లేదా వాలెట్, పెద్ద బిల్లుకు బ్యాంకు బదిలీ, తరచూ కొనే టోకు వ్యాపారికి స్థానిక ఖాతా సంఖ్య అనుకూలం.

* చెల్లింపు సంస్థకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

* ప్రతి జమకూ సరైన ప్రయోజన కోడ్ ఇవ్వాలి. ఫిర్క్, ఈ-బీఆర్‌సీ పత్రాలు భద్రపరచాలి.

* వ్యాపార సొమ్మును బంధువుల ఖాతాల ద్వారా తెప్పించరాదు.

* బ్యాంకు అన్యాయంగా రుసుము వేసిందని భావిస్తే ముందు ఆ బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము తీసుకోరు.

* ఎగుమతి సందేహాలకు అనంతపురంలోని జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించవచ్చు. రాతి ఉత్పత్తులకు క్యాపెక్సిల్, హస్తకళలకు ఈపీసీహెచ్, పండ్లకు అపెడా సంస్థల నమోదు ఉపకరిస్తుంది.